విషయ నిర్వహణ వ్యవస్థలో చిత్రాలు, దస్త్రాలు

వెబ్‌సైట్‌లో ప్రచురించదలచిన పాఠ్యాన్ని, చిత్రాలను, పత్రాలను ప్రోగ్రామింగ్ తెలియని ఉద్యోగి సైతం చేర్చడానికి, సవరించడానికి, వర్గీకరించడానికి, అవసరమైతే తొలగించడానికి వీలు కల్పించే సాఫ్ట్‌వేర్‌ను విషయ నిర్వహణ వ్యవస్థ అంటారు. 2003 మే 27న తొలిసారి విడుదలైన వర్డ్‌ప్రెస్, దానికి రెండేళ్ల ముందే వచ్చిన డ్రూపల్, వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ ఈ కోవలోనివే. మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లా అధికారిక వెబ్‌సైట్ కూడా ఇటువంటి వ్యవస్థపైనే నడుస్తోంది. దానికి ఆధారం నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ దేశంలోని జిల్లా వెబ్‌సైట్ల కోసం రూపొందించిన ‘ఎస్3వాస్’ వేదిక. సురక్షితత్వం, విస్తరణ సామర్థ్యం, సుగమ్యత అనే మూడు లక్ష్యాలు ఆ పేరులోనే ఇమిడి ఉన్నాయి. గుడివాడ వాసి నియామక ప్రకటన కోసమో, టెండరు పత్రం కోసమో, మంగినపూడి సముద్రతీరం ఫొటో కోసమో ఆ వెబ్‌సైట్‌ను తెరిచినప్పుడు, అతనికి కావలసిన వస్తువు చాలాసార్లు పేజీలోని పాఠ్యం కాదు, పేజీకి జతచేసిన దస్త్రం. అయినా పాఠ్యాన్ని నాలుగుసార్లు దిద్దే మన సంపాదకులు, దస్త్రాన్ని ఒక్కసారి అప్‌లోడ్ చేసి మరచిపోతారు.

దస్త్రం అనగానే సామాన్యంగా ఒకే వస్తువు మనసులో మెదులుతుంది. వ్యవస్థ దృష్టిలో మాత్రం అది మూడు అంశాల కూడిక. మొదటిది సారం, అంటే సర్వర్‌లోని ఒక ఫోల్డర్‌లో ఉండే బైట్ల సమాహారం. రెండవది చిరునామా, అంటే ఆ బైట్లను బ్రౌజర్ అడిగి తెచ్చుకోవడానికి ఉపయోగించే మార్గం. మూడవది వివరణ, అంటే శీర్షిక, వ్యాఖ్య, రచయిత, తేదీ, హక్కులు వంటి సమాచారం. దీనినే శాస్త్ర పరిభాషలో అధిదత్తాంశం అంటారు. వర్డ్‌ప్రెస్‌లో సారం ఫోల్డర్‌లో ఉంటే, వివరణ దత్తాంశ నిధిలో ఒక ప్రత్యేక నమోదుగా ఉంటుంది. చిరునామా ఈ రెండింటినీ పేజీతో కలుపుతుంది. పాత తాలూకా కచేరీ రికార్డు గదిలో కాగితాల కట్ట, అది ఉన్న బీరువా అర సంఖ్య, రిజిస్టరులోని నమోదు వేర్వేరుగా ఉన్నట్లే ఈ మూడూ వేర్వేరు. వెబ్‌సైట్లలో దస్త్రాల విషయంలో తలెత్తే చిక్కులలో అధికభాగం, వీటిలో ఒకటి చేయవలసిన పనిని మరొకదానిపై మోపడం వల్ల కలిగేవే.

ముందుగా చిరునామాను పరిశీలిద్దాం. దస్త్రాలను ఫోల్డర్లలో అమర్చడానికి ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నాయి. కాలక్రమ పద్ధతిలో సంవత్సరానికొక ఫోల్డర్, అందులో నెలకొక ఉపఫోల్డర్ ఏర్పడతాయి. వర్డ్‌ప్రెస్ సహజ అమరిక ఇదే. జిల్లా వెబ్‌సైట్ల వేదిక దీనిని మరొక అడుగు ముందుకు తీసుకుపోయి, దస్త్రం పేరును సైతం అంకెలుగా మారుస్తుంది. ఉదాహరణకు 2023120547 అనే తరహా పేరులో మొదటి ఎనిమిది అంకెలు 2023 డిసెంబరు 5ను, అంటే మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటిన రోజును సూచిస్తాయి. చివరి రెండూ అదేరోజు వచ్చిన ఇతర దస్త్రాల నుంచి దీనిని వేరుచేస్తాయి. రెండవది సంకేత విభజన పద్ధతి. మీడియావికీలో దస్త్రం పేరుపై ఒక గణిత ప్రక్రియ జరిపి, వచ్చిన ఫలితంలోని తొలి అక్షరాలను బట్టి ఫోల్డర్‌ను నిర్ణయిస్తారు. పదహారు ఫోల్డర్లు, ఒక్కొక్కదానిలో పదహారు ఉపఫోల్డర్లు, వెరసి 256 గూళ్లు. కోట్ల దస్త్రాలు వచ్చినా అవి ఈ గూళ్లలో దాదాపు సమానంగా సర్దుకుంటాయి. మొదటి పద్ధతి మనిషికి కొంత అర్థమవుతుంది, రెండవది యంత్రానికి మాత్రమే అనుకూలం.

అంకెల పేరు వల్ల లాభం లేకపోలేదు. ఒకే పేరుతో రెండు దస్త్రాలు ఢీకొనే ప్రమాదం తప్పుతుంది, పేరులోని ఖాళీలు, చిత్రమైన గుర్తులు ఇబ్బంది పెట్టవు. కానీ ఆ పేరు మూగది. ఎప్పుడు వచ్చిందో చెబుతుంది కానీ ఏమిటో చెప్పదు. గుడివాడలో ఒక నెట్ సెంటర్ కంప్యూటర్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను తెరిచి చూస్తే చాలు, పదేసి అంకెల పేర్లు వరుసగా కనిపిస్తాయి. అందులో ఏది అంగన్‌వాడీ నియామకాల నోటిఫికేషనో, ఏది ఎంపిక జాబితానో తెలుసుకోవాలంటే ఒక్కొక్కటి తెరవవలసిందే. ఈ లోపాన్ని చిరునామాను మార్చి సరిదిద్దనక్కరలేదు. పీడీఎఫ్ పత్రం తనలోపలే శీర్షికను మోసుకుపోగలదు. పత్రాన్ని తయారుచేసేటప్పుడు ఆ గడిని నింపితే, తెరిచిన మరుక్షణం కిటికీ పైభాగంలో ‘గుడివాడ డివిజన్, ఫలానా పోస్టులు, ఫలానా తేదీ’ అని కనిపిస్తుంది. ఆచరణలో ఆ గడి తరచు ఖాళీగానో, ‘డాక్యుమెంట్ 1’ అనో, టైపు చేసిన ఉద్యోగి కంప్యూటర్ పేరుతోనో ఉంటుంది.

దస్త్రానికి తెలుగులోనే పేరు పెడితే సరిపోతుంది కదా అన్న ప్రశ్న సహజం. పెట్టవచ్చు, కానీ దాని మూల్యం తెలిసి పెట్టాలి. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ వేర్వేరు సంకేతాలు ఉంటాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క సంకేతం మూడేసి బైట్లను ఆక్రమిస్తుంది. ‘గుడివాడ’ అనే మాట కంటికి నాలుగక్షరాలు, యూనికోడ్‌లో ఏడు సంకేతాలు, నిల్వలో 21 బైట్లు. అదే మాట వెబ్ చిరునామాలో చేరి ప్రయాణించేటప్పుడు ప్రతి బైటు శాతం గుర్తుతో కూడిన మూడు చిహ్నాలుగా మారి, మొత్తం 63 చిహ్నాలు అవుతుంది. లినక్స్ సర్వర్లలో దస్త్రం పేరుకు సాధారణంగా 255 బైట్ల పరిమితి ఉంటుంది కనుక, తెలుగు పేరు 85 సంకేతాలకు మించరాదు. వాట్సాప్‌లో అటువంటి లింకును అతికిస్తే పేరుండవలసిన చోట తరచు శాతం గుర్తుల బారే కనిపిస్తుంది.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కు ‘కైకలూరు’ వంటి పేర్లలో ఉంది. తెలుగు ఐత్వాన్ని యూనికోడ్ రెండు విధాలుగా రాయనిస్తుంది: ఒకే సంకేతంగా ఒక విధం, ఎత్వపు గుర్తు దాని కింద ఐత్వపు తోక అనే రెండు సంకేతాలుగా మరొక విధం. తెరపై రెండూ ఒకే రూపం; బైట్లలో రెండూ వేర్వేరు. ఒకానొక కాలపు మ్యాక్ కంప్యూటర్లు దస్త్రాల పేర్లను విడగొట్టిన రూపంలోనే దాచేవి. అక్కడి నుంచి వచ్చిన ‘కైకలూరు’ చిత్రాన్ని, విండోస్‌లో టైపు చేసిన ‘కైకలూరు’ లింకు కనుగొనలేకపోతే, పేరును ఎన్నిసార్లు చదివి సరిచూసుకున్నా తప్పు కంటికి చిక్కదు. అందువల్ల చిరునామాకు లిపి ఏదైనా చిన్నది, స్థిరమైనది చాలు. తెలుగు సొంపు, సమగ్రత అన్నీ వివరణలో ఉండాలన్నది నా అభిప్రాయం. గూగుల్ మొదలుకొని తెర చదివే సాఫ్ట్‌వేర్ వరకు అందరికీ పనికివచ్చేదీ అదే.

ఇక సారం. ఫొటో అన్నది చిత్రకణాల (పిక్సెళ్ల) పట్టిక. సాధారణ ఫోను కెమెరా తీసే చిత్రంలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చిత్రకణాలు ఉన్నాయనుకుంటే, మొత్తం ఒక కోటి ఇరవై లక్షలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వర్ణాలకు ఒక్కొక్క బైటు చొప్పున లెక్కిస్తే అది మూడు కోట్ల అరవై లక్షల బైట్లు. ఇంత భారాన్ని తగ్గించే ప్రక్రియే సంపీడనం. తిరిగి విప్పినప్పుడు ప్రతి కణమూ యథాతథంగా లభిస్తే అది నష్టరహిత సంపీడనం, కంటికి అంతగా పట్టని వివరాలను వదలివేస్తే అది నష్టసహిత సంపీడనం. పీఎన్‌జీ మొదటి వర్గానికి, 1992లో ప్రమాణంగా వెలువడిన జేపెగ్ రెండవ వర్గానికి చెందుతాయి. 2010లో గూగుల్ ప్రకటించిన వెబ్‌పీ రెండు విధాలుగానూ పనిచేయగలదు.

జేపెగ్ చిత్రాన్ని అడ్డంగా, నిలువుగా ఎనిమిదేసి కణాల చదరాలుగా విభజించి, ప్రతి చదరంలోని మెల్లని మార్పులను నిలుపుకొని, చురుకైన మార్పులను స్థూలంగా గుర్తుంచుకుంటుంది. మానవ నేత్రం వెలుగులోని తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగులోని తేడాను పట్టదు కనుక, రంగు వివరాన్ని మరింత కుదిస్తుంది. ఆకాశం, వరిచేలు, సముద్రం, మనుషుల ముఖాలు ఈ సూత్రానికి చక్కగా లొంగుతాయి. పెడన కలంకారి బట్ట అంతగా లొంగదు. లేతరంగు నేలపై సన్నని ఎర్రని తీగ గీత, ఎక్కువ సంపీడనంలో ఇరుపక్కలా చెమ్మగిల్లినట్లు పాకుతుంది. అద్దకపు నాణ్యతను చూపడానికి పెట్టిన చిత్రమే అద్దకం నాసిరకమన్న భ్రమ కలిగిస్తుంది. తెలుగు అక్షరాలున్న పటాల స్థితి ఇంకా విషమం. దివిసీమ మండలాల పటాన్ని జేపెగ్‌గా మార్చి కుదిస్తే, ‘ఘంటసాల’లోని ‘ఘ’ను గుర్తుపట్టించే చిన్న గీత, ‘చల్లపల్లి’లోని లకార ఒత్తులు చుట్టూ మసక మచ్చలతో నిండి చదవరాకుండా పోతాయి. ఇంగ్లిషు పటానికి సరిపోయిన కొలత తెలుగు పటానికి సరిపోదు. మన లిపిలో అర్థభేదాన్ని మోసే భాగాలు అక్షరం అడుగునా నెత్తినా చిన్నవిగా ఉంటాయి. ఫొటోలకు జేపెగ్ లేదా వెబ్‌పీ, పటాలకు, పట్టికలకు, గీతచిత్రాలకు పీఎన్‌జీ అన్న విభజన ప్రతి సంపాదకుడూ కంఠస్థం చేయదగినది. గీతలను గణిత సూత్రాలుగా దాచే ఎస్‌వీజీ పటాలకు మరింత శ్రేష్ఠం. అయితే ఆ దస్త్రంలో హానికర ఆదేశాలను కూడా దాచే వీలుండటంతో వర్డ్‌ప్రెస్ వంటి వ్యవస్థలు సహజస్థితిలో దానిని అనుమతించవు.

ఒక చిత్రాన్ని అప్‌లోడ్ చేసినప్పుడు వ్యవస్థ ఒక్క దస్త్రాన్నే దాచదు. పైన చెప్పిన 4,000 కణాల వెడల్పున్న ఫొటోను ఇటీవలి వర్డ్‌ప్రెస్‌కు ఇస్తే, మూలాన్ని అలాగే ఉంచి, 2,560 కణాలకు కుదించిన ప్రతిని, 2,048, 1,536, 1,024, 768, 300 కణాల వెడల్పు గల ప్రతులను, 150 కణాల చదరపు సూచిక చిత్రాన్ని తయారుచేస్తుంది. వెరసి ఎనిమిది దస్త్రాలు. వీటిని ఉత్పన్న ప్రతులు అనవచ్చు. బ్రౌజర్ తన తెర వెడల్పును బట్టి వీటిలో తగినదానిని ఎంచుకుంటుంది. 1,024 కణాల ప్రతిలో మూలంలోని కణాలలో పదిహేనో వంతు మాత్రమే ఉంటాయి, అయినా ఫోను తెరపై తేడా దాదాపు కనిపించదు. ఈ ఏర్పాటు ఫలించాలంటే సంపాదకుడు చిత్రాన్ని చొప్పించేటప్పుడు ‘పూర్తి పరిమాణం’ అనే ఎంపికను అలవాటుగా నొక్కకుండా ఉండాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమలో, తుపాను హెచ్చరిక పేజీని నాగాయలంకలోనో కోడూరులోనో ఒకరు బలహీనమైన సిగ్నల్‌తో తెరవవలసి వస్తుంది. ఆ పేజీ తలపై ఐదు మెగాబైట్ల సమీక్షా సమావేశం ఫొటో కూర్చుంటే హెచ్చరిక పాఠ్యం దాని వెనుక వేచి ఉంటుంది. నా లెక్కలో ఆ ఫొటో అక్కడ ఉండనే కూడదు. ఉండితీరాలంటే పాఠ్యం తరువాత, వంద కిలోబైట్ల లోపు ఉండాలి.

వివరణలో అత్యంత నిర్లక్ష్యానికి గురయ్యేది ప్రత్యామ్నాయ పాఠ్యం. చిత్రం కనిపించని పరిస్థితిలో, లేదా చూపులేని పాఠకునికి తెర చదివే సాఫ్ట్‌వేర్ వినిపించేటప్పుడు, చిత్రం స్థానంలో నిలిచే మాటలివి. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లో వెలువడి, తరువాత సవరణలు పొందిన మార్గదర్శకాలు దీనిని కోరుతున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వాటి వెనుక బలంగా ఉంది. పెడనలో తీసిన ఒక ఫొటోకు ‘కలంకారి’ అని రాసి వదిలేస్తే అది శీర్షిక మాత్రమే. ‘చెక్క అచ్చును రెండు చేతులతో బట్టపై ఒత్తుతున్న కార్మికుడు, బట్ట అంచున ఎర్రని పూలతీగ సగం వరకు పూర్తయింది’ అంటే అది చిత్రానికి ప్రత్యామ్నాయం. కేవలం అలంకారంగా పెట్టిన గీతకూ చుక్కకూ మాత్రం ఆ గడిని ఖాళీగా ఉంచడమే సరైనది, లేకుంటే వినేవారికి అది విసుగు. కృష్ణా జిల్లా వెబ్‌సైట్ వంటి ద్విభాషా వేదికలలో మరొక జాగ్రత్త అవసరం: చిత్రం రెండు భాషలకూ ఒకటే కావచ్చు, ప్రత్యామ్నాయ పాఠ్యం ఒకటి కారాదు. తెలుగు పేజీలో ఇంగ్లిషు పాఠ్యం మిగిలిపోతే, తెలుగు స్వరంతో చదివే యంత్రం దానిని వింతగా ఉచ్చరించడమో, దాటవేయడమో చేస్తుంది.

మనం రాయకుండానే దస్త్రంలో చేరే వివరణ కూడా ఒకటుంది. ఫోను కెమెరా ప్రతి ఫొటోలోనూ తీసిన సమయాన్ని, పరికరం పేరును, అనుమతిస్తే అక్షాంశ రేఖాంశాలను రహస్యంగా కాకపోయినా కంటికి కనిపించకుండా నిక్షేపిస్తుంది. ఘంటసాల బౌద్ధ స్తూపం ఫొటోలో ఆ సమాచారం చరిత్రకారునికి వరం. పునరావాస శిబిరంలోని మహిళల, పిల్లల ఫొటోలో, లేదా ఒక రైతు ఇంటి ముందు తీసిన ఫొటోలో అది ప్రమాదం. కుదించిన ప్రతుల నుంచి ఈ సమాచారం తరచుగా తొలగిపోయినా, మూల ప్రతి సర్వర్‌లోనే ఉంటుంది, దాని చిరునామాను ఊహించడం కష్టమేమీ కాదు. కాబట్టి తొలగింపు అప్‌లోడ్‌కు ముందే జరగాలి.

పత్రాల విషయానికి వస్తే, పీడీఎఫ్ అన్న ఒకే పేరు కింద మూడు భిన్న వస్తువులు చలామణి అవుతున్నాయి. యూనికోడ్ పాఠ్యం నుంచి తయారైనది మొదటిది; అందులో పదాలను వెదకవచ్చు, కాపీ చేయవచ్చు, వినవచ్చు. అను వంటి యూనికోడేతర పాత ఖతులతో డీటీపీ చేసినది రెండవది. కంటికి చక్కని తెలుగు, కాపీ చేస్తే మాత్రం అర్థంలేని రోమన్ గుర్తుల కుప్ప. సంతకం, ముద్ర వేసి స్కాన్ చేసినది మూడవది. అది పత్రం వేషంలోని ఫొటో. మన కార్యాలయాలలో ఈ మూడవది రాజ్యమేలుతోంది, దానికి కారణమూ ఉంది: సంతకం కనిపించనిదే జనం నమ్మరు. అటువంటప్పుడు స్కాన్‌తోపాటు అక్షర గుర్తింపు ద్వారా పాఠ్యపు పొరను జతచేయడమో, అదే విషయాన్ని పేజీలో యూనికోడ్‌లో ఇవ్వడమో చేయాలి. 1902లో మచిలీపట్నంలో పుట్టిన కృష్ణాపత్రిక వంటి పాత సంచికలను భద్రపరచేవారు మరొక నియమం పాటించాలి. స్కాన్ చేసిన మూలాన్ని నష్టరహిత రూపంలో వేరే నిల్వలో పెట్టి, వెబ్‌సైట్‌లో తేలికైన ఉత్పన్న ప్రతిని మాత్రమే ఉంచాలి. విషయ నిర్వహణ వ్యవస్థ ప్రచురణకు సాధనం, శాశ్వత నిక్షేపాగారం కాదు.

పేజీకీ దస్త్రానికీ ఉన్న బంధాన్ని వ్యవస్థలన్నీ ఒకే విధంగా గుర్తుంచుకోవు. ఇక్కడే అధిక నష్టం జరుగుతుంది కనుక కొంత వివరంగా చెప్పక తప్పదు. వర్డ్‌ప్రెస్‌లో ఒక దస్త్రం మొదట ఏ పేజీ నుంచి అప్‌లోడ్ అయిందో ఆ ఒక్క సంబంధమే నమోదవుతుంది. అందువల్ల జాబితాలో ‘జతచేయనిది’ అని కనిపించే చిత్రం నిజానికి పది పేజీలలో వాడుకలో ఉండవచ్చు. స్థలం ఖాళీ చేద్దామని దానిని తొలగించిన ఉద్యోగికి పది పేజీలలో విరిగిన చిత్రపు గుర్తు మిగులుతుంది. పైగా తొలగించిన పేజీ నెలరోజులపాటు చెత్తబుట్టలో ఉండి వెనక్కు రాగలదు. దస్త్రానికి సహజస్థితిలో ఆ అవకాశం లేదు, నొక్కిన క్షణమే మూలమూ ఉత్పన్న ప్రతులూ అన్నీ పోతాయి. మీడియావికీ ఈ విషయంలో మరింత జాగ్రత్త వహిస్తుంది. 2004లో ప్రారంభమైన వికీమీడియా కామన్స్‌లో ప్రతి చిత్రం పేజీ అడుగున, అది ఏ భాషా వికీపీడియాలో ఏ వ్యాసంలో వాడబడుతోందో జాబితా ఉంటుంది. అదే పేరుపై కొత్త ప్రతిని ఎక్కిస్తే పాతది చరిత్రగా నిలుస్తుంది. బైట్ల నుంచి లెక్కించిన సంకేత సంగ్రహాన్ని పోల్చి, అదే చిత్రం వేరే పేరుతో ముందే ఉంటే హెచ్చరిస్తుంది. గుడివాడ బౌద్ధ దిబ్బ ఫొటో ఒక్కటి అక్కడ చేరితే, 2003 డిసెంబరు నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియాతో సహా అన్ని భాషలూ ఆ ఒక్క ప్రతినే వాడుకుంటాయి. బదులుగా, స్వేచ్ఛా లైసెన్సు లేని చిత్రానికి అక్కడ చోటు లేదు.

జిల్లా వెబ్‌సైట్ల వేదికలో మెచ్చదగిన ఏర్పాటు ఒకటుంది. టెండరుకూ నియామక ప్రకటనకూ ప్రారంభ తేదీ, ముగింపు తేదీ అనే రెండు గడులుంటాయి. గడువు తీరినది ముందువరుస జాబితా నుంచి తప్పుకొని పాతవాటి విభాగంలోకి చేరుతుంది. దస్త్రం చెరిగిపోదు, చిరునామా మారదు, స్థానం మాత్రమే మారుతుంది. మూడేళ్ల తరువాత సమాచార హక్కు దరఖాస్తులోనో, కోర్టు వ్యాజ్యంలోనో ఆ లింకును ఉటంకించవలసి వచ్చినవారికి దీని విలువ తెలుస్తుంది. తప్పు దొర్లిన పత్రాన్ని సరిచేసేటప్పుడు కూడా ఇదే న్యాయం వర్తించాలి. అచ్చుతప్పు చిన్నదైతే అదే చిరునామాలో సారాన్ని మార్చవచ్చు. ఎంపిక జాబితాలో ఒక పేరు మారితే మాత్రం పాతదానిని అలాగే ఉంచి, సవరణ పత్రాన్ని కొత్త చిరునామాతో, సవరణ తేదీతో పక్కన నిలపాలి. మౌనంగా మార్చిన జాబితా ఎంత నిజాయితీగా మార్చినా అనుమానాన్నే పెంచుతుంది.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజన ఈ సూత్రాలన్నింటికీ ఒక్కసారిగా పరీక్ష పెట్టింది. విజయవాడ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాగా వేరుపడింది, నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాలో కలిశాయి, మచిలీపట్నం, గుడివాడ, ఉయ్యూరు డివిజన్లతో కృష్ణా జిల్లా మిగిలింది. జిల్లా పేరు మారలేదు, వెబ్‌సైట్ పేరూ మారలేదు. కానీ ‘కృష్ణా జిల్లా పటం’ అనే చిత్రం చూపే భూమి మారిపోయింది. అటువంటి సందర్భంలో పాత చిరునామాలోనే కొత్త పటాన్ని ఎక్కిస్తే, 2011 జనాభా లెక్కల పట్టిక పక్కన పెట్టిన పటం కూడా తెలియకుండానే మారి, కుదించుకుపోయిన జిల్లాకు పాత జనాభాను అంటగడుతుంది. పాత పటం తప్పు కాదు, తన కాలానికి అది ఒప్పే. దానిని దాని చిరునామాలోనే ఉంచి, వివరణలో ‘2022 ఏప్రిల్ 3 వరకు’ అని చేర్చాలి. కొత్త పటానికి కొత్త చిరునామా ఇచ్చి, ‘2022 ఏప్రిల్ 4 నుంచి’ అని రాయాలి. ఆపైన పటాన్ని వాడుతున్న పేజీలను ఒక్కొక్కటి తెరిచి, ఆ పేజీ పాత జిల్లాను గురించి మాట్లాడుతోందో కొత్తదానిని గురించో చదివి, తగిన పటానికి లింకు కలపాలి. ఈ చివరి పనిని యంత్రానికి అప్పగించలేం. జిల్లా చరిత్ర తెలిసిన గుమాస్తా కూర్చుని, తెలుగు పేజీలను, ఇంగ్లిషు పేజీలను విడివిడిగా చూసుకుంటూ చేయవలసిందే.